లెక్క వచ్చినవాణ్ణి లేవమనకూడదు

మా ఆయన్ని మోసగాడన్నారు. నా మొహం మీద ఎవరూ అనలేదు లెండి, అనుంటే వాళ్లకి నా చేతిలో ఏమయ్యేదో వాళ్లకే తెలుసు. బర్త్‌డే పార్టీల్లో కేకు తింటూ అన్నారు, వాట్సాప్‌లో అన్నారు, గుడి పార్కింగ్ లాట్‌లో కారు తలుపు పట్టుకుని నిలబడి అన్నారు. మా ఊరు ప్లేనోలో ఒకళ్లు తుమ్మితే పక్కూరు కాపెల్‌లో ముక్కు తుడుచుకునే జనం మనవాళ్లు. రెండు వారాల్లో అందరికీ తెలిసిపోయింది, మల్లికార్జున్ అంకుల్‌ని లాస్ వేగస్ కేసినోలోంచి సెక్యూరిటీవాళ్లు బయటికి నడిపించారని.

నడిపించిన మాట నిజమే. నేను పక్కనే ఉన్నాను.

నా పేరు సరోజ. నలభై ఏళ్లు మత్తు డాక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన ఫోన్ కంపెనీలో ఇంజనీర్‌గా చేసేవారు. ఏ గంటలో ఎన్ని కాల్స్ వస్తాయి, ఎన్ని లైన్లు వేస్తే జనానికి ఎంగేజ్ టోన్ వినబడకుండా ఉంటుంది, ఇదీ ఆయన ఉద్యోగం. అంటే జీతం తీసుకుని సంభావ్యత లెక్కలు చేశారు. రిటైరయ్యాక జీతం లేకుండా చేస్తున్నారు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం పదింటికి మా డైనింగ్ రూమ్‌లో పిల్లలకి లెక్కలు చెప్తారు. ఫీజు లేదు. బల్ల తీసేసి పద్నాలుగు మడత కుర్చీలు వేశాం, గోడకి తెల్లబోర్డు కొట్టాం. ఆ గదిలో మేము భోంచేసి పంతొమ్మిదేళ్లయింది. పిల్లలు ఆయన్ని లెక్కల తాతగారు అంటారు. డెబ్బై ఏడేళ్ల మనిషి, శుక్రవారం సాయంత్రం నుంచే బోర్డు తుడవడం మొదలుపెడతారు, తుడిచిందే తుడుస్తారు.

ఆయనకి పేకాటంటే ఒక సరదా ఉంది. బ్లాక్‌జాక్ మాత్రమే. ఏడాదికొకసారి, ఇంత అని పక్కన పెట్టుకుని, అది అయిపోతే లేచి వచ్చేస్తారు. ఆ ఆటలో కిటుకేమిటో నాకు పెళ్లయిన కొత్తలోనే వివరించారు, నేను అడక్కపోయినా. రెండు నుంచి ఆరు దాకా చిన్న ముక్క పడితే ఒకటి కలుపు. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసెయ్. ఏడు, ఎనిమిది, తొమ్మిదిని పట్టించుకోకు. లెక్క పెరిగిందంటే కట్టలో ఇంకా పెద్ద ముక్కలు మిగిలాయని అర్థం, అప్పుడు పందెం పెంచు. అంతే. చేతిలో యంత్రం లేదు, చొక్కా చేతిలో ముక్క లేదు, ఎవరికీ సైగ లేదు. ఒకటో తరగతి కూడికలూ తీసివేతలూ, కాకపోతే గంటసేపు తప్పకుండా చెయ్యాలి.

పోయిన నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకి నాలుగు కుటుంబాలం కలిసి వేగస్ వెళ్లాం. ట్రిప్ బుక్ చేసింది శశికాంత్. కాపెల్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్‌లో మేనేజర్. వాడి కూతురు తన్వి మా ఆయన క్లాసులో ముందు కుర్చీ. పదకొండేళ్ల పిల్ల, ప్రశ్న పూర్తి కాకముందే చెయ్యెత్తుతుంది. ఆ పిల్ల గురించి మాట్లాడేటప్పుడు మా ఆయన గొంతే మారిపోతుంది.

అక్కడ మధ్యాహ్నం మూడింటికి మా ఆయన కేసినోలో బ్లాక్‌జాక్ బల్ల దగ్గర కూర్చున్నారు, నేను పక్కన కాఫీ తాగుతున్నాను. ముక్కలు పంచే డీలర్ కుర్రది, కొత్తగా చేరినట్టుంది. ఇరవై ఒకటి దాటకుండా ఎవరికి ఎక్కువొస్తే వాళ్లదే గెలుపు. మా ఆయన ముక్కలు మొత్తం ఇరవై, తనవి ఇరవై ఒకటి. తను పొరపాటున ఆయన గెలిచారనుకుని డబ్బులు ముందుకి తోసింది. ఇంకొకరైతే జేబులో వేసుకునేవారు. ఈయన ఊరుకుంటారా! "కాదమ్మా, నీ మూడు ముక్కలూ మళ్లీ కలుపు. నువ్వే గెలిచావు, తీసేసుకో" అని వెనక్కి తోశారు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. డబ్బు వెనక్కి వచ్చిందంటే పైవాళ్లకి చెప్పాలట, సూపర్‌వైజర్ వచ్చాడు. వచ్చినవాడు పోలేదు. ఇంత లెక్కగా ఆడే ముసలాయన ఎవరా అని పది నిమిషాలు వెనకే నిలబడి చూశాడు. చూసి అడిగాడు, "సర్, మీరు ముక్కలు లెక్కపెడుతున్నారా?" అని.

లేదు అంటే పోయేది. నవ్వేసి ఊరుకున్నా పోయేది. లెక్క గురించి అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బు కదా ఈయనది! "అవును, చూపిస్తాను రండి" అని నా కాఫీ కింద ఉన్న నాప్‌కిన్ లాక్కుని, పెన్ను తీసి, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి అని వాడికి గళ్లు గీసి పాఠం మొదలుపెట్టారు. వాడు ఆ నాప్‌కిన్ మర్యాదగా తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అయిదు నిమిషాల్లో నల్లకోటు మనుషులు ఇద్దరు వచ్చారు.

"సర్, లేవండి. ఇక్కడ మీ ఆట అయిపోయింది. మళ్లీ లోపలికి వస్తే ట్రెస్‌పాస్ కేసు పెడతాం" అని కాగితం చదివారు. పాఠం మధ్యలో ఉంది, ఆయన చేతిలో పెన్ను అలాగే ఉంది. "నేనేం తప్పు చేశాను?" అని అడిగారు. చెరోపక్కా నిలబడి తలుపు దాకా నడిపించారు. సరిగ్గా అప్పుడు శశికాంత్ ఐస్‌క్రీమ్ కప్పుతో ఎదురొచ్చాడు. వాడు చూసింది అంతే, మిగతాదంతా వాడే అల్లుకున్నాడు.

నేను చెప్పకుండా ఉంటానా? చెప్పాను. జరిగిందంతా హోటల్‌లోనే వాడికి చెప్పాను. "సరే ఆంటీ, సరే ఆంటీ" అని తలూపాడు. తర్వాత నాతోనే అన్నాడు, "ఏదో జరిగే ఉంటుంది ఆంటీ, ఊరికే సెక్యూరిటీ రాదు కదా. అంకుల్ అంటే రెస్పెక్టే, కానీ కిడ్స్ ముందు కొంచెం ఆక్వర్డ్‌గా ఉంటుంది" అని. నా ఒళ్లు మండిపోయింది. ఇంకో రెండు మాటలు అనబోతుంటే మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"సరోజా, వదిలెయ్. తప్పు చెయ్యనివాడు సంజాయిషీ ఎందుకివ్వాలి?"

ఆయనకి అదొక పంతం. ఆ పంతం వల్ల కొంప మునిగింది. డిసెంబర్‌లో ఒక తల్లి ఫోన్ చేసి సాకర్ ప్రాక్టీస్ టైమ్ మారింది అంకుల్ అంది. ఇంకొకరికి స్విమ్మింగ్. ఇంకొకరికి పియానో. ఊళ్లో ఉన్న ఆటలూ పాటలూ అన్నీ శనివారం పదింటికే వచ్చి పడ్డాయి! తన్వి కుర్చీ జనవరి మొదటి వారం ఖాళీ అయింది. ఆ పిల్ల మానేసిన రోజు ఈయన బోర్డు ముందు పావుగంట నిలబడి, మిగిలిన ముగ్గురికీ పాఠం చెప్పి, మధ్యాహ్నం అన్నం వద్దన్నారు. ఫిబ్రవరిలో ఒకనాడు నేను బజారు నుంచి వచ్చేసరికి డైనింగ్ రూమ్‌లో బల్ల వేసి ఉంది. పద్నాలుగు కుర్చీలూ గరాజ్‌లో గోడకి ఆనించి ఉన్నాయి. బోర్డు విప్పి మంచం వెనక్కి దోపేశారు.

"ఇకనైనా మనం ఈ గదిలో భోంచెయ్యొచ్చు" అన్నారు.

జనాన్ని నిద్రపుచ్చడం నా వృత్తి. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. ఎవరి మీద అరవాలో తెలియక చివరికి హంసికకి ఫోన్ చేశాను. హంసిక మా మొదటి బ్యాచ్ పిల్ల. భిన్నాలు రాక ఇదే గదిలో ఏడ్చిన పిల్ల, ఇప్పుడు న్యూజెర్సీలో లాయర్. అంతా విని గట్టిగా నవ్వింది. నాకు కోపం వచ్చింది.

"నవ్వుతావేమే!"

"సారీ ఆంటీ, సారీ! డీలర్‌కి మనీ రిటర్న్ చేశారా? దట్ ఈజ్ సో అంకుల్! లిజన్, అంకుల్ చీట్ చెయ్యలేదు. బ్రెయిన్ యూజ్ చేసి కౌంట్ చేస్తే అది క్రైమ్ కాదు, నెవాడాలో కూడా కాదు. కానీ అక్కడ వాళ్ల ప్లేస్ కాబట్టి, నువ్వు నచ్చలేదు, వెళ్లిపో అని చెప్పొచ్చు. ఇక్కడ అలా కుదరదు."

"ఇక్కడంటే?"

"న్యూజెర్సీలో. నైన్‌టీన్ ఎయిటీ టూలో మా స్టేట్ సుప్రీం కోర్ట్ చెప్పింది. పబ్లిక్‌కి డోర్ ఓపెన్ చేసి, బాగా ఆడేవాళ్లని మాత్రం పొమ్మంటే ఒప్పుకోం అని. స్కిల్ ఉందని కేసినో ఎవర్నీ బయటికి పంపకూడదు. కావాలంటే కార్డ్స్ షఫుల్ చేసుకోవచ్చు, అంతే."

మా ఆయన తప్పు లేదని ఒక రాష్ట్రం రాసిపెట్టి ఉంచింది. నలభై ఏళ్లకి పైగా ఆ కాగితం అక్కడే ఉంది. నేనే రాయించినట్టు పొంగిపోయాను.

ఆయనతో అబద్ధం చెప్పాను. హంసిక కొత్త ఇల్లు కొనుక్కుంది, చూడ్డానికి రమ్మంటోంది అన్నాను. ఇల్లు కొన్నమాట నిజమే. మార్చిలో విమానమెక్కి న్యూజెర్సీ వెళ్లాం, ఒక బుధవారం పొద్దున్నే హంసిక మమ్మల్ని కారెక్కించుకుంది. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి అన్నారు, "సరోజా, సముద్రం వాసన వస్తోంది. ఎక్కడికి?"

"అట్లాంటిక్ సిటీ కేసినోకి. మాట్లాడకుండా కూర్చోండి."

"నేను దిగను."

"దిగకపోతే నేనే ఆడతాను. నా ఆట మీకు తెలుసు. పదహారు మీద ముక్క అడగాలో వద్దో నాకు ఈనాటికీ తెలీదు. మీరే పక్కన నిలబడి చూడండి."

ఆ బెదిరింపు పనిచేసింది. తప్పు లెక్క కళ్లముందు జరుగుతుంటే ఆయన తట్టుకోలేరు.

పదకొండింటికి కేసినో సగం ఖాళీగా ఉంది. తక్కువ పందెం బల్ల దగ్గర కూర్చోబెట్టాం. మొదటి పావుగంట ఎవరు వెనక నడిచినా తల తిప్పి చూశారు. తర్వాత పెదాలు కదలడం మొదలయింది. ఆయన తెలుగులో లెక్కపెట్టుకుంటారు, గొంతు రాదు గానీ పెదాలు ఊరుకోవు. పెదాలు కదిలాక భుజాలు దిగాయి. కాసేపటికి పందెం పెంచారు. గెలిచారు. మళ్లీ పెంచారు.

అప్పుడు వచ్చింది సూపర్‌వైజర్. అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, కళ్లద్దాలకి గొలుసు, మా ఆసుపత్రి హెడ్ నర్సులా నిటారుగా ఉంది. ఆయన వెనక నిలబడింది. నేను నా ఫోన్ తీశాను, రికార్డ్ చేసి ప్లేనో మొత్తానికీ పంపాలని. "బల్ల దగ్గర ఫోన్లు కుదరవు మేడమ్" అని నా వైపు చూడకుండానే చెప్పింది. ఛీ, నా ప్లానంతా ఒక్క ముక్కలో పోయింది.

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, నేను మన మాటల్లో చెప్తున్నాను. "సర్, మీరు లెక్కపెడుతున్నారా?"

అదే ప్రశ్న. మా ఆయన చేతులు బల్ల మీద ఆగిపోయాయి. లేదనండి, దేవుడా, ఈ ఒక్కసారికి లేదనండి అని నాకే అనిపించింది, ఇక్కడ అననక్కర్లేదని తెలిసి కూడా.

"అవును" అన్నారు.

"ఎంత ఉంది ఇప్పుడు?"

"ప్లస్ ఏడు."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది. "నా లెక్కా అదే" అంది. అని డీలర్ వైపు తిరిగి, "షఫుల్" అంది.

ముక్కలన్నీ మళ్లీ కలిపారు. మా ఆయన లేవబోయారు. ఎవరో లేవమన్నట్టు, అలవాటైనట్టు, కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయారు.

"ఎక్కడికి సర్?" అంది ఆవిడ. "ఇది న్యూజెర్సీ. లెక్క వచ్చినవాణ్ణి లేవమనే హక్కు నాకు లేదు. ముక్కలు కలిపే హక్కుంది. మీరు కూర్చోండి, నేను కలుపుతాను."

నేనూరుకుంటానా! "అమ్మా, ఒక్కమాట చెప్పు. ఈయన చేసింది మోసమా?" అని అడిగాను. పక్క బల్లవాళ్లు కూడా తిరిగి చూశారు. చూడనీ!

"మోసమైతే పోలీసుల్ని పిలుస్తాను మేడమ్, షఫుల్ చెయ్యమని చెప్పను. మీ ఆయన బాగా ఆడతారు, అంతే. ఈ బల్లల దగ్గర ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను, నోరు తెరిచి నిజం చెప్పినవాణ్ణి ఇప్పుడే చూశాను."

"ఇంకోసారి చెప్పు" అన్నాను. హంసిక నన్ను గిల్లింది. ఆవిడ నవ్వి ఇంకోసారి చెప్పింది.

ఆ తర్వాత ముప్పావుగంట ఆడారు. ప్రతి ఆటకీ ముక్కలు కలిపారు, అలా కలిపితే లెక్క వచ్చినా రాకపోయినా ఒకటే. కొంచెం పోయింది కూడా. ఆయన మొహం మాత్రం మా పెళ్లి ఫోటోలో కంటే బాగుంది. ఒక్క మనిషి తెలివికి భయపడి ఆరు కట్టల ముక్కలు ఆటాటకీ కలుపుతున్నారంటే, అంతకంటే సన్మానం ఏముంటుంది? మెడలో దండ వేసినా నాకు అంత గొప్పగా అనిపించేది కాదు.

లేచేటప్పుడు ఆవిడ భోజనం కూపన్లు తెచ్చిచ్చింది. "వీకెండ్ దాకా ఉండండి సర్, గది ఇస్తాం. ఆదివారం వెళ్లొచ్చు" అంది.

"కుదరదమ్మా" అన్నారు మా ఆయన, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. "శనివారం పదింటికి నాకు క్లాసుంది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, హంసిక భుజం మీద పడి ఏడ్చాను. గరాజ్‌లో కుర్చీలు ఆనించిన మనిషి, బోర్డు విప్పేసిన మనిషి, తనంతట తాను అన్నారు ఆ మాట.

కార్లో కూర్చోగానే శశికాంత్‌కి ఆయనే ఫోన్ చేశారు. "శనివారం తన్విని తీసుకురా. నువ్వూ లోపలికి రా. నన్ను వేగస్‌లో ఎందుకు లేపేశారో బోర్డు మీద చెప్తాను. సంజాయిషీ కాదు, పాఠం." వాడు ఏమన్నాడో వినబడలేదు. మిగతా తల్లిదండ్రులకీ అదే మాట మెసేజ్ పెట్టారు, ఎవరినీ వదల్లేదు.

శుక్రవారానికి ఇంటికొచ్చి బోర్డు మళ్లీ గోడకి కొట్టాం, శనివారం నేను కుర్చీలు తుడిచి వేశాను. పద్నాలుగూ నిండాయి. పిల్లల వెనక పెద్దవాళ్లు గోడ పొడుగునా నిలబడ్డారు. సాకర్ ఏమయిందో, పియానో ఏమయిందో నేను అడగలేదు, కాఫీ ఇస్తూ అందరి మొహాల్లోకీ ఒకసారి చూశాను, అది చాలు. శశికాంత్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

మా ఆయన నాప్‌కిన్ మీద గీసిన గళ్లే బోర్డు మీద గీశారు. చిన్న ముక్కకి ప్లస్ ఒకటి, పెద్ద ముక్కకి మైనస్ ఒకటి. కట్ట మొత్తం లెక్కపెడితే చివరికి సున్నా రావాలని పిల్లల చేతే తేల్చారు. అరగంట సాధన చేయించారు. తర్వాత కొత్త కట్ట కలిపి శశికాంత్ దగ్గరికి వెళ్లారు.

"ఇందులోంచి ఒక ముక్క తీసి, ఎవరికీ చూపించకుండా జేబులో పెట్టుకో."

వాడు తీసి, తను కూడా సరిగా చూడకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన యాభై ఒక్క ముక్కలూ మా ఆయన ఒక్కొక్కటే తిప్పుతూ పోయారు. తన్వి ముందు కుర్చీలో పిడికిళ్లు బిగించి కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. చివరి ముక్క పడింది.

"మైనస్ వన్" అంది తన్వి. "సో ఒక ప్లస్ వన్ మిస్సింగ్. డాడీ పాకెట్‌లో చిన్న కార్డ్ ఉంది. టూ నుంచి సిక్స్ లోపల."

శశికాంత్ జేబులోంచి తీశాడు. కళావరు నాలుగు.

పిల్లలు ఓ అని అరిచారు. తన్వి అరవలేదు. కుర్చీలో వెనక్కి తిరిగి తండ్రినే చూస్తోంది.

"డాడీ, నేను చీట్ చేశానా?"

"లేదమ్మా" అన్నాడు వాడు. మళ్లీ అన్నాడు, "లేదు తల్లీ, నువ్వు లెక్కపెట్టావు." ఆ ముక్క పట్టుకుని మా ఆయన వైపు తిరిగాడు. "అంకుల్, నేను... అందరితో... సారీ అంకుల్. నేను బయట వెయిట్ చేస్తాను" అని గుమ్మం దాటబోయాడు.

మా ఆయన తన సొంత కుర్చీ లాగి వాడి ముందు వేశారు.

"కూర్చో శశికాంత్" అన్నారు. "పాఠం ఇంకా అవలేదు."